బరాత్ వ్యాన్ కింద గొలుసు

మా మామ చెయ్యి గురించి ముందు చెప్పాలి. ఆయన మా అమ్మకు అన్న. బేగంబజార్‌లో లైట్ల దుకాణం పెట్టుకొని పెళ్ళి ఊరేగింపులకు గ్యాస్‌బత్తీలు, మైకుసెట్లు కిరాయికి ఇచ్చేవాడు. తప్పు చిన్నదైతే అరచేత్తో కొట్టేవాడు. పెద్దదైతే ఆ సమయానికి చేతిలో ఏముంటే దానితో. వైరు ముక్క, సుత్తి, ఒకసారి మైకు స్టాండు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి నేను ఆయన దగ్గర పనికి కుదిరిన మొదటి నెలలో నాకు తగిలినవి పదకొండు. ఏది ఎందుకు పడిందో పాత ల్యాబ్ రికార్డు చివరి పేజీలో రాసుకున్నాను. పగతో కాదు. ఏ తప్పుకు ఏ దెబ్బో తెలిస్తే తప్పించుకోవడం సులువని.

ఒక చలికాలం పెళ్ళిలో గ్యాస్‌బత్తీ ఒకటి పగిలి, దాన్ని మోస్తున్న మనిషి జుట్టు అంటుకుంది. పెళ్ళివారు మామను నడి సడక్ మీద నిలబెట్టి చొక్కా చింపారు. ఆయన చిరిగిన చొక్కాతోనే దుకాణానికి వచ్చి నన్ను మెడ పట్టుకొని లేపాడు.

“మూడేండ్లు సదివినవ్ గద. గ్యాసు లేకుండ, జనరేటర్ లొల్లి లేకుండ, నడిచే లైట్లు చెయ్యి. చెయ్యకపోతే నీ సర్టిఫికెట్ల పకోడీలు కట్టుకొని తింట.”

నాలుగు నెలలు పట్టింది. ట్రంకుపెట్టె అంత ఇనపడబ్బాలో నేను చేసిన ఇన్వర్టర్ అది. రెండు లారీ బ్యాటరీల కరెంటును ఇంట్లో వాడే రెండు వందల ముప్పై వోల్టుల కరెంటుగా మార్చేది. ట్రాన్స్‌ఫార్మర్ నా చేతుల్తో చుట్టాను, పొరపొరకూ కాగితం వేసి. డబ్బా, బ్యాటరీలు వ్యాన్ వెనక భాగంలో ఉండేవి. అందులోంచి బయటికి వచ్చే వైరుకు ఆరు ఇనప చట్రాలు, ఒక్కో చట్రానికి రెండేసి చిన్న ట్యూబులైట్లు. చట్రాలను మనుషులు తలమీద మోస్తూ నడుస్తారు, వ్యాన్ వాళ్ళ వెనక మెల్లగా కదులుతుంది. గుర్రమూ వ్యానూ మనుషులూ అంతా ఒకే వైరుకు కట్టేసినట్టు.

మొదటిసారి దాన్ని వ్యాన్‌లో పెట్టి మలక్‌పేట తీసుకుపోతుంటే, బ్యాటరీల మీద నేను మరిచిపోయిన స్పానర్ గుంతలో కుదుపుకు జారి రెండు కొసలకూ అడ్డంగా పడింది. తెల్లటి మంట, తుపాకీ పేలినంత చప్పుడు. బ్యాటరీ మూల పగిలి యాసిడ్ మామ ముంజేతి మీద చిమ్మింది. మా డ్రైవర్ వయసులో పెద్ద, చాచా అని పిలిచేవాళ్ళం. ఆయన బండి ఆపి, మోరీ నీళ్ళు బకెట్‌తో తెచ్చి మామ మీద గుమ్మరించాడు. మామ ఆ తడితోనే స్పానర్‌ను గుడ్డతో పట్టుకొని నా ముంజేతి మీద పెట్టాడు. అది ఇంకా కాలుతూనే ఉంది. మచ్చ ఇప్పటికీ ఉంది, పదమూడు నంబరు స్పానర్ మూతి ఆకారంలో.

ఆ రాత్రే పది రూల్స్ రాసి డబ్బా మూతకు లోపలివైపు అంటించాను. బ్యాటరీలు గాలి రంధ్రాలున్న చెక్కపెట్టెలో ఉండాలి, పెట్టెను తాడుతో బండికి కట్టాలి. పైన ఏ వస్తువూ పెట్టకూడదు. వ్యాన్ కిటికీలు తెరిచి ఉంచాలి, లోపల బీడీ కాల్చకూడదు, ఎందుకంటే బ్యాటరీలోంచి వచ్చే గాలి అంటుకుంటుంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజులో రాగి వైరు చుట్టకూడదు. డబ్బా మీద దుప్పట్లు, జంపఖానాలు వేయకూడదు. యాసిడ్ చిమ్మితే పోయడానికి వంటసోడా కలిపిన నీళ్ళ డబ్బా దగ్గరుంచుకోవాలి. స్విచ్చి వ్యాన్ లోపల, తలుపుకు గడియ, ఎవరూ చెయ్యి పెట్టకుండా. చట్రాలు మోసేవాళ్ళు రబ్బరు చెప్పులు వేసుకోవాలి. ఈ తొమ్మిది రూల్స్‌లో ప్రతిదాని వెనకా ఒక దెబ్బ, ఒక పేలుడు, లేకుంటే ఒక కాలిన వేలు ఉంది.

పదో రూలు ఒక్కటే పుస్తకంలోంచి వచ్చింది. ఇనప డబ్బాకు ఎర్తింగ్ ఉండాలి. కరెంటు వైర్లలో ఒకదాన్ని భూమితో కలపాలి, మన ఇళ్ళకు వచ్చే కరెంటుకు ఉన్నట్టే. కదిలే బండికి భూమి ఎక్కడిది? పెట్రోల్ ట్యాంకర్ల వెనక నేల రాసుకుంటూ పోయే గొలుసు గుర్తొచ్చింది. అలాంటిదే ఒకటి కొని, వ్యాన్ అడుగున వేలాడదీసి, ఒక కరెంటు వైరు నుంచి తీసిన కొసను దానికి బిగించాను. చాలా తెలివైన పని చేశానని ఆ రోజు నాకు నేనే టీ, ఉస్మానియా బిస్కట్ ఇప్పించుకున్నాను.

లైట్లు మోసేది ఆరుగురు. వాళ్ళకు పెద్ద ఒక ఆడమనిషి, నలభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా గ్యాస్‌బత్తీ మోసి మోసి నడినెత్తిన జుట్టు అరిగిపోయింది. అందరం అక్కా అనేవాళ్ళం. ఎవరు ఎక్కడ నడవాలో, ఎంతసేపటికి చెయ్యి మార్చుకోవాలో ఆమె చెప్పిందే మాట. ఆమె తమ్ముడు కూడా జట్టులోనే ఉండేవాడు, ముప్పై ఏళ్ళ మనిషి, ముందు వరసలో కుడివైపు అతని జాగా. తల్లిదండ్రులు పోయాక అతన్ని ఆమే పెంచింది. పెళ్ళిలో ఎవరైనా అతని మీద చెయ్యి లేపితే దీపం దించి వచ్చేది.

డబ్బా చూపించిన రోజు ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

“గ్యాసైతే కాలుద్ది. కాలేది కండ్లకు కనబడ్తది. ఇది కనబడదు గద సారూ?” అంది.

“కనబడదక్కా. కానీ అన్నీ చూసే చేసిన.”

“కొట్టదా?”

“రబ్బరు చెప్పులేసుకుంటే కొట్టదు.”

తమ్ముడు చట్రం తలమీద పెట్టుకొని చూసుకుంటూ, “అక్కా, సారు మనకు చెప్పులు కొనిస్తున్నడంటే ఏదో ఉన్నట్టే. మామూలుగ మనకు చెప్పులు పడ్తయి, దొరకయి” అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు.

ఆమె నవ్వలేదు. “మా ఆరుగురిల ఎవ్వనికన్న ఏమన్న అయితే జిమ్మా ఎవరిది?”

“నాది,” అన్నాను.

“నీది అంటే నీదే. మీ మామది కాదు, గా డ్రైవర్ చాచాది కాదు. యాదుంచుకో.”

టైరు ముక్కలతో కుట్టిన చెప్పులు ఆరు జతలు కొని తెచ్చాను. కాలి కొలతలు కూడా తీసుకున్నాను. నాలుగు పెళ్ళిళ్ళు బాగా జరిగాయి. జనం ట్యూబుల వెలుగులో తమ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకునేవాళ్ళు. నాలుగూ ఎండాకాలం పెళ్ళిళ్ళే, సడక్‌లు ఎండి బండరాయిలా ఉండేవి. అది అప్పుడు నేను గమనించవలసిన సంగతి.

ఐదోది బేగంబజార్‌లోనే, తరతరాలుగా కిరాణా టోకు వ్యాపారం చేసే ఇంటి పెళ్ళి. పెళ్ళికొడుకు గుర్రం మీద బజారు నుంచి మలక్‌పేట దాకా పోవాలి. మధ్యాహ్నం గంటసేపు వాన దంచింది. ఐదున్నరకు తెరిపి ఇచ్చింది, ఆరున్నరకు బరాత్ కదిలింది. అప్పటికి సడక్ మీద తడి మాత్రమే మిగిలింది, పల్లాల్లో మాత్రం మోరీలు పొంగి నీళ్ళు నిలిచాయి.

ఆ పెళ్ళివారి నాట్యం నాట్యం కాదు, కుస్తీ. కుర్రవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ, గుద్దుకుంటూ, బ్యాండువాళ్ళ డోలు మీద తలతో కొడుతూ నడిచారు. పెళ్ళికొడుకు అన్న చేతిలో గుర్రంవాడి దగ్గర గుంజుకున్న బెత్తం ఉంది. వరస తప్పిన వాళ్ళ పిక్కల మీద దానితో కొడుతున్నాడు, గుర్రాన్నీ మనిషినీ తేడా లేకుండా. అక్క జట్టులో ఒకతన్ని కొట్టాడు. ఆమె తల తిప్పకుండానే, “సేటూ, తలమీద లైటున్నది. కాలు వణికితే లైటు నీ మీదనే పడ్తది,” అంది. ఆ తర్వాత ఆమె వైపు రాలేదు.

నేను వ్యాన్ పక్కన నడుస్తున్నాను. పావుగంటకొకసారి డబ్బాను చేత్తో తాకి వేడి చూడటం, బ్యాటరీల బిగింపులు చూడటం నా పని. చాచా స్టీరింగ్ మీద మోచేతులు పెట్టి నడుపుతున్నాడు.

“మియా, గుర్రం లద్దె వేస్తే నేను తొక్కాలె, నువ్వు కడగాలె. ఈ డిప్లొమాల అది ఉన్నదా?” అన్నాడు.

ఎప్పుడో నాట్యంలో ఒకడు తూలి ముందు వరస కుడివైపు వైరును పట్టుకొని వేలాడాడు. తమ్ముడు ఒక అడుగు వెనక్కు పడి, నిలదొక్కుకొని, వాణ్ణి మోచేత్తో పొడిచాడు. వాడు తిరిగి ముఖం మీద గుద్దాడు. తమ్ముడి పెదవి పగిలింది. రెండు చేతులతోనూ చట్రం పట్టుకొని ఉన్నాడు కనుక ఏమీ చేయలేక రక్తం ఉమ్మి నడిచాడు. ఆ గుంజుడుకు వైరు తొడుగు చట్రం అంచుకు తెగి, లోపలి రాగి ఇనుముకు ఆనింది. అది మాకెవ్వరికీ తెలియదు. కాళ్ళకు టైరు చెప్పులున్నాయి కనుక అతనికీ తెలియదు. ఇంకో పది నిమిషాలు ఆ చట్రాన్ని అలాగే మోశాడు.

దారిలో హనుమంతుడి చిన్న గుడి ఒకటి ఉంది. దాని ముందు సడక్ పల్లం, అక్కడ మోరీ పొంగి అటుగోడ నుంచి ఇటుగోడ దాకా నీళ్ళు నిలిచాయి. బ్యాండువాళ్ళు పాట మార్చారు. పెళ్ళికొడుకు తలపాగా మీద చెయ్యి పెట్టుకున్నాడు. లైట్లు మోసేవాళ్ళు ఆరుగురూ ఒక చేత్తో చట్రం పట్టుకొని, ఒక్కొక్క కాలే వంచి, చెప్పులు తీసి నడుముకు దోపుకున్నారు. ఇరవై ఏళ్ళుగా గుడి ముందూ దర్గా ముందూ వాళ్ళు చేసే పని. ఒక్క అడుగు కూడా ఆగకుండా, చట్రం వంగకుండా, అంత ఒడుపుగా చేశారు.

తమ్ముడి కాలు నీళ్ళలో పడింది.

అరుపు లేదు. మెడ వెనక్కు విరిగినట్టు వంగింది. రెండు చేతులూ ఇనుము మీద బిగుసుకున్నాయి. అలాగే నిలువునా పక్కకు పడ్డాడు. ట్యూబు ఒకటి పగిలి గాజు ముఖం మీద చిమ్మింది, రెండోది నీళ్ళ అంచున వెలుగుతూనే ఉంది. మోకాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నాయి. నాట్యం చేసేవాళ్ళలో ఒకడు తాగి పడ్డాడనుకొని నవ్వాడు.

స్విచ్చి వ్యాన్‌లో ఉంది. గడియ వేసిన తలుపు వెనక. ఎవరూ చెయ్యి పెట్టకూడదని నేనే పెట్టిన గడియ. అప్పటికి నేను గుర్రానికి ముందు, వైరు చూసుకుంటూ ఉన్నాను. వ్యాన్‌కు ఇరవై అడుగులు. మధ్యలో పాతికమంది. “కరెంటు, కరెంటు” అంటూ తోసుకొని పరిగెత్తాను. తోస్తే వాళ్ళు తోశారు, అది ఆటే అనుకొని. ఒకడు నన్ను నడుం పట్టుకొని పైకెత్తి గిర్రున తిప్పాడు. వాడి చెవి దొరికితే కొరికాను. వాడు వదిలి నా ముక్కు మీద గుద్దాడు. ముక్కు ఎముక కదిలిన చప్పుడు నాకే వినిపించింది. గుర్రం పొట్ట కింద నుంచి దూరి వ్యాన్ చేరి, గడియ తీసి, స్విచ్చి కొట్టాను.

అప్పటికే అక్క నా కంటే ముందు పని చేసింది. తన చట్రం పక్కవాడి మీదకు విసిరేసి, నడుములోంచి టైరు చెప్పు లాగి, తమ్ముడి మణికట్ల మీద కొట్టింది. నరికినట్టు కొట్టింది. మూడో దెబ్బకు ఒక చెయ్యి ఊడింది, ఐదో దెబ్బకు రెండోది. అతన్ని చేత్తో ముట్టుకోకూడదని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నేను చెప్పలేదు. నా పది రూల్స్‌లో అది లేదు.

చాచా దిగి వచ్చి అతన్ని వెల్లకిలా తిప్పి, పిడికిలితో ఛాతీ మీద గుద్దాడు. అక్క చెంపల మీద కొట్టింది. “లే. లే రా. లే,” అంటూ ఒక్కో మాటకు ఒక్కో చెంప. కొంతసేపటికి గొంతులోంచి గురక వంటి చప్పుడు వచ్చింది, తర్వాత నురగ, దాంతో పాటు కొరుక్కున్న నాలుక రక్తం. కుడి అరచేయి నల్లగా కమిలి, మధ్యలో చీలింది. మాంసం కాలిన వాసన సందంతా పట్టింది. జట్టులో ఇద్దరు అతన్ని రిక్షాలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయారు. అక్క కదలలేదు. పొమ్మన్నా పోలేదు. నా వైపు చూసి నిలబడింది.

మామ అప్పుడే ముందు నుంచి వచ్చాడు. చీకటి పడిన సందు, ఆరిన ట్యూబులు, కూలబడిన జట్టు. పెళ్ళికొడుకు అన్న బెత్తం తీసుకొని కూర్చున్నవాళ్ళ వీపుల మీద కొడుతున్నాడు.

“లేవుండ్రి. గుడి ముంగట దీపాలార్తయా? మా తమ్ముని పెండ్లికి అపశకునం జేస్తున్రా?”

మామ చాచా చెంప మీద ఒకటి వేసి, “ఏంది, ఏం జరిగింది?” అని నన్ను అడిగాడు.

“చెప్పులు తీసిండు మామా. నీళ్ళల్ల కాలు పెట్టిండు. నేను చెప్పిన గదా, చెప్పులు తియ్యొద్దని...”

అక్క అప్పుడు వచ్చి కొట్టింది. అదే చెప్పుతో, ఎడమ చెంప మీద, తర్వాత కుడి చెంప మీద. విరిగిన ముక్కులోంచి రక్తం గొంతులోకి దిగింది.

“గుడి ముంగట చెప్పులేసుకొని నడుస్తవా నువ్వు?” అంది. “నీ చేతుల ఏమున్నదో చూస్కో.”

చూసుకున్నాను. నా ఎడమ చేతిలో నా చెప్పులు రెండూ ఉన్నాయి. ఎప్పుడు తీశానో నాకు తెలియదు. పల్లం దగ్గరికి రాగానే, గుడి కనపడగానే తీసి ఉంటాను. పోట్లాడినంతసేపూ, వ్యాన్ ఎక్కినంతసేపూ పట్టుకొనే ఉన్నాను.

ఆ నీళ్ళలో ఉత్త కాళ్ళతో నిలబడ్డప్పుడు నాకు లెక్క తేలింది. నా ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వచ్చే రెండు వైర్లకూ భూమితో సంబంధం లేకుండా వదిలేస్తే, ఒక వైరు ఒక మనిషికి తగిలినా కరెంటు తిరిగి డబ్బాకు చేరే దారి ఉండదు. దారి లేకపోతే కొట్టదు. ఆ దారి నేను వేశాను. వ్యాన్ అడుగున గొలుసు అదే నీళ్ళలో మునిగి ఉంది. ఇంటి కరెంటుకు రక్షణగా నేర్పిన పాఠాన్ని తెచ్చి, తడి సడక్ మొత్తాన్ని రెండో వైరుగా చేసి, దాని మీద మనుషుల్ని నడిపించాను.

“తప్పు నాది,” అన్నాను. “గొలుసుది. చెప్పులది కాదు.”

“నోర్మూయ్,” అన్నాడు మామ మెల్లగా. “కూలోడు చెప్పులు తీసిండు, గంతే.”

నేను చాచా టూల్ బ్యాగ్‌లోంచి జీరో బల్బు తీశాను, రెండు వైర్ల హోల్డర్‌తో ఉన్నది. చెప్పులు వేసుకొని, అందర్నీ నీళ్ళ బయటికి జరగమని, చాచాను స్విచ్చి వేయమన్నాను. ఒక వైరు పడి ఉన్న చట్రానికి తాకించి, రెండోది నీళ్ళలో వేశాను. బల్బు ఎర్రగా, సన్నగా వెలిగింది. అక్క చూసింది, జట్టులో మిగిలిన ఇద్దరూ చూశారు, పెళ్ళివారూ చూశారు. మామ నా చేతిలోంచి బల్బు గుంజుకొని నా నెత్తి మీద పగలగొట్టాడు. రెండు రోజుల తర్వాత నా జుట్టులో ఒక గాజుముక్క దొరికింది.

స్విచ్చి ఆపించి వ్యాన్ కిందికి పాకాను. గొలుసు బోల్టు తుప్పుపట్టి రాలేదు. హ్యాక్సా బ్లేడుతో వైరునే కోశాను. పైన మామ నన్ను కాలితో తన్నుతూనే ఉన్నాడు, తొడ మీద, పిర్ర మీద, దొరికిన చోటల్లా. స్విచ్చి వేయించి, ఇంకో జీరో బల్బుతో మళ్ళీ చూశాను. ఈసారి వెలగలేదు, స్విచ్చి మళ్ళీ ఆపించాను.

“అయిపోయింది అక్కా. ఇప్పుడు కొట్టదు.”

“బల్బుకు పానం లేదు,” అంది ఆమె. “నా తమ్ముడు పట్టుకున్నదే పట్టు. వాడు పట్టుకున్న తీరుగనే. నీళ్ళల్ల నిలబడి.”

“వైరు తెగిన చోట టేపు చుట్టి పట్టుకుంట.”

“వానికి టేపు చుట్టిచ్చినవా?”

పెళ్ళికొడుకు అన్న బెత్తంతో నా భుజం మీద కొట్టి, “జల్దీ చెయ్యుండ్రి,” అన్నాడు. ఆమె అతని బెత్తం పట్టుకొని పక్కకు నెట్టింది. అతను గుర్రం వైపు వెళ్ళిపోయాడు.

నా దగ్గరున్నది లెక్క మాత్రమే. లెక్క ప్రకారం కొట్టదు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ నేను చుట్టింది. ఏ పొరలోనైనా కాగితం చిరిగి ఉంటే, లోపలి కరెంటు డబ్బాకు, డబ్బా వ్యాన్‌కు, వ్యాన్ ఆ గొలుసు మీదుగా నీళ్ళకు ఇంకో దారి వేసి ఉంటే, లెక్క తప్పు. మూడో పొర చుట్టేటప్పుడు మామ పిలిస్తే లేచి వెళ్ళాను. తిరిగి వచ్చి కాగితం వేశానా? అది గుర్తుచేసుకుంటూ చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాను. చట్రం లేపి తలమీద పెట్టుకున్నాను. కుడి చెయ్యి పట్టుకున్న చోట ఇనుము మీద అతని చర్మం అంటుకొని ఉంది. చేయి దాని మీదే వేశాను, ఆమె చూస్తోంది కనుక.

“చాచా, వెయ్యి,” అన్నాను.

మిగిలిన ఒక్క ట్యూబు రెండుసార్లు కొట్టుకొని వెలిగింది. అరచేతుల్లో చీమలు పాకినట్టు సన్నని జలదరింపు. అంతే. ఆమె నీళ్ళ అంచున నిలబడి నా ముఖం చూస్తూ ఉంది. తర్వాత తనూ చెప్పులు లేకుండా నీళ్ళలోకి దిగి, చేతి వెనకభాగంతో నా చట్రాన్ని తాకింది. ఒకసారి. ఇంకోసారి.

“ఇగ ఆపి టేపు చుట్టు,” అంది. “ముంగట నువ్వే నడువు.”

మలక్‌పేట దాకా నడిచాను. నది వంతెన మీద గాలికి చట్రం మెడను విరిచింది. ముక్కులోంచి కారిన రక్తం గడ్డం కింద ఎండి బిగుసుకుంది. నాట్యం చేసేవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ తోశారు. ఒకడు నా వైరు పట్టుకోబోతే అక్క తన చట్రం మూలతో వాడి చేతి మీద కొట్టింది. మండపం చేరాక ఆమె చట్రం దించి, ఎవరితోనూ మాట్లాడకుండా దవాఖానకు నడిచి పోయింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళాను. తమ్ముడు మంచం మీద కూర్చుని ఉన్నాడు, కుడి చేతికి మోచేతి దాకా కట్టు, ముఖం మీద గాజు గీతలు. అక్క కింద చాప మీద ఉంది. రాత్రి ఏమేమి జరిగిందో అతనికి ఆమె చెప్పినట్టే ఉంది. అయినా నా నోటితో చెప్పాలని వెళ్ళాను. గొలుసు ఎందుకు కట్టానో, అది ఎలా కొట్టిందో మొదటి నుంచి చెప్పాను. వాచిన నాలుకతో అతను ఏదో అన్నాడు, అర్థం కాలేదు. దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వంగాను. ఎడమ చేత్తో చెంప మీద కొట్టాడు. పడుకొని లేచిన మనిషి దెబ్బ, బలం లేదు. కానీ ఆ రోజుల్లో నేను తిన్న వాటిలో దాన్ని మాత్రం ల్యాబ్ రికార్డులో రాయలేదు.

“ఎడమ చెయ్యి,” అన్నాడు మెల్లగా, ఈసారి అర్థమయ్యేటట్టు. “అలవాటు లేదు సారూ.”

అక్క చాప మీద నుంచే షరతు చెప్పింది. డబ్బా దుకాణంలోంచి కదిలితే నేను ముందు వరస కుడివైపు నడవాలి. ప్రతి బరాత్‌కు ముందు చెప్పులు లేకుండా బకెట్ నీళ్ళు పోసిన నేల మీద ఆరు చట్రాలూ ఒక్కొక్కటిగా పట్టుకొని చూపించాలి. లేకపోతే ఆ జట్టు రాదు. మామ ఒప్పుకోలేదు. నన్ను కొట్టాడు, ఇంకో జట్టు కోసం వారం రోజులు తిరిగాడు. గుడి ముందు జరిగింది బజారంతా తెలుసు కనుక ఎవరూ రాలేదు.

ఆ సీజన్‌లో మిగిలిన బరాత్‌లన్నిటికీ నేను మోశాను. నడినెత్తి మీద జుట్టు పలచబడింది. రెండు నెలలకు తమ్ముడు తిరిగి పనికి వచ్చాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకోవు, చట్రం పట్టు నిలవదు. వ్యాన్‌లో స్విచ్చి దగ్గర కూర్చోమన్నాను. తలుపు గడియ ఊడబీకి పారేశాను. బండి కదిలిన దగ్గర నుంచి ఆగేదాకా అతను అక్కడే, ఎడమ చెయ్యి స్విచ్చి మీద ఉంచి, నా కాళ్ళనే చూస్తూ కూర్చునేవాడు.